డాక్టరుగారి రివాల్వర్ మెరిసిన సంగతి

పూజించదగిన వస్తువంటూ ఈ లోకంలో ఏదీ లేదని నేను కాలేజీ రోజుల్లోనే తేల్చుకున్నాను. డెబ్బై దాటిన ఈ రోజుకీ ఆ మాట మీదే ఉన్నాను. అలాంటివాడు తన ఉద్యోగ జీవితపు చివరి భాగమంతా నీలం రంగు చేతితొడుగులు వేసుకుని, పాత తుపాకుల్ని పసిపిల్లల్లా రెండు చేతులతో ఎత్తుకుంటూ గడిపాడంటే మీలో కుర్రవాళ్ళకి నవ్వు రావచ్చు. రానివ్వండి. నాకూ వచ్చేది.

నేను చదివింది లోహశాస్త్రం. అమెరికా వచ్చాక పైపులు ఎందుకు పగిలాయో, బోల్టులు ఎందుకు విరిగాయో చెప్పే ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. అది మూతపడింది. ఇంకా రిటైర్ అయ్యే వయసు రాలేదు, ఇంట్లో కూర్చునే ఓపిక అసలే లేదు. టెక్సస్‌లో ప్లేనో ఊరికి దగ్గర్లో, పాత ఆయుధాలు వేలం వేసే ఒక సంస్థలో చేరాను. ఈ దేశం పడమటికి పాకుతున్న కాలంలో గుర్రాల మీద, బగ్గీల మీద తిరిగినవాళ్ళ రివాల్వర్లు అక్కడికి వచ్చేవి. ప్రతి రివాల్వర్ వెంటా ఒక కథ వచ్చేది. ఫలానా బందిపోటు నడుముకి ఉండేదని, ఫలానా షెరీఫ్ చనిపోతూ మా ముత్తాతకి ఇచ్చాడని. ఆ కథని పక్కన పెట్టి లోహాన్ని అడగడం నా పని. నంబరు మళ్ళీ కొట్టారా, గొట్టం మార్చారా, తుప్పు నిజంగా పట్టిందా, పట్టించారా. ఆ తుపాకులు ఎవరి నేలని ఎవరి పరం చేశాయో నాకు తెలుసు. వాటిని నేనెన్నడూ ప్రేమించలేదు. వాటి గురించి నిజం చెప్పే పనిని మాత్రం చాలా ప్రేమించాను.

నా పక్క బల్ల మా గన్‌స్మిత్‌ది. పాత తుపాకుల్ని విప్పి, చూసి, మళ్ళీ బిగించే మేస్త్రీ అన్నమాట. టెక్సస్‌లోనే పుట్టి పెరిగాడు, నాకంటే కాస్త పెద్దవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. పరమ భక్తుడు. మధ్యాహ్నం భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉండగా నేను ఆయన ప్లేట్‌లోంచి చిప్స్ తీసుకునేవాణ్ణి.

“దేవుడు చూస్తున్నాడు,” అనేవాడు కళ్ళు తెరవకుండానే.

“చూస్తే ఆపేవాడుగా.”

“నీకు ఆకలిగా ఉందని జాలిపడ్డాడు.”

ఇలా ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఒకరినొకరం అంగుళం కూడా కదిలించుకోలేదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మతం. పాత వస్తువుని తుడిచి కొత్తదిగా చెయ్యకూడదు. ఎవరైనా అలా చేసి తెస్తే ఆయన మొహం చావుకబురు విన్నట్టు అయిపోయేది.

పాత తుపాకులు పోగుచేస్తూ మా దగ్గరికి వచ్చేవాళ్ళలో మన తెలుగాయన ఒకడుండేవాడు. గుండె డాక్టరు, రిటైరయ్యాడు. చిన్నప్పుడు గుంటూరులో కౌబాయ్ సినిమాలు చూసి చూసి, ఇక్కడికొచ్చి చేతిలో డబ్బు ఆడాక ఆ తుపాకులన్నీ కొనడం మొదలుపెట్టాడు. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు, నేనెవరికీ ఎప్పుడూ పాఠం చెప్పకపోయినా.

“దసరాకి రండి మాస్టారూ. ఆయుధ పూజ. ఊళ్ళో అందరూ కార్లకీ, లాప్‌టాప్‌లకీ చేసుకుంటున్నారు పాపం. నిజంగా ఆయుధాలున్న కొంప మాదొక్కటే.”

“మనుషుల్ని చంపిన ఇనుముకి బొట్టు పెడుతుంటే చూడ్డానికి నేను రానండీ.”

“పులిహోర ఉంటుంది.”

“పార్సెల్ పంపించండి.”

ఆయన భార్య నిజంగానే పంపించేది, ప్రతి ఏడూ. నేను తినేవాణ్ణి. సిద్ధాంతానికి పులిహోర అడ్డమని నాకెవరూ నిరూపించలేదు.

ఒక వేసవిలో డాక్టరుగారు ఒక రివాల్వర్ తెచ్చారు. ఆ మధ్యనే కొన్నారు, అప్పుడే అమ్మేస్తానంటున్నారు. మనవలు తిరిగే ఇంట్లో ఇన్ని తుపాకులేమిటని కోడలు గొడవ పెట్టిందట, ఒక్కొక్కటే వదిలించుకుంటున్నారు. స్టేజ్‌కోచ్ అనే పాతకాలపు గుర్రపు బండి మీద కాపలా కూర్చునే గార్డు దగ్గర ఉండేదది. మందూ గుండూ విడివిడిగా కూరి పేల్చే కాలం నాటిది. ఆ గార్డు కథ, లోహం చెప్పే కథ మొదటిసారి నాకు ఒకటిగా కనిపించాయి. పిడి వెనక పట్టీ, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ ఇత్తడివి. ఇత్తడి గాలికీ, చెమటకీ, నూనెకీ ఏళ్ళ మీద తేనె రంగులోకి, తర్వాత బెల్లంపాకం రంగులోకి తిరుగుతుంది. పాటినా అంటారు దాన్ని. కొనేవాడు తుపాకితో పాటు ఆ రంగునీ కొంటాడు. పోతే మళ్ళీ రాదు. మందులు పూసి తెప్పిస్తే మాకు తెలిసిపోతుంది. దాన్ని గన్‌స్మిత్ విప్పి బిగించాడు, నేను పరీక్షించాను, కేటలాగ్‌కి ఫోటోలు తీశారు. వేలం చలికాలంలో. అప్పటిదాకా నా దగ్గర ఉండనివ్వండని డాక్టరుగారు ఇంటికి తీసుకుపోయారు.

దసరాల్లో ఆయనకే గుండె నొప్పి వచ్చింది. బైపాస్ చేశారు. కోలుకుంటున్నారని విన్నాను. పండగైన కొన్ని వారాలకి కొరియర్‌వాడు వాళ్ళింటి నుంచి పెట్టె తెచ్చాడు. ఆ రోజు నేను లేను. గన్‌స్మిత్ ఒక్కడే తన బల్ల మీద పెట్టె తెరిచాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన ఆ రివాల్వర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇనుము ఎలా ఉన్నది అలాగే ఉంది. ఇత్తడి మాత్రం తళతళా మెరుస్తోంది, ఈ ఉదయమే పోతపోసినట్టు.

మా మేనేజర్ నా కూతురి ఈడు మనిషి, చెడ్డది కాదు. డాక్టరుగారికి ఫోన్ చేసింది. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు, నేను హాస్పిటల్లో ఉన్నాను, పెట్టె సేఫ్‌లో ఉంది, అన్నారాయన. గొంతు పెంచి కూడా అన్నారట. ఇక మిగిలింది ఎవరు? పెట్టె తెరిచిన మనిషి. ఈ మధ్య ఆయన చేతులు కాస్త వణుకుతున్నాయి. ఒక స్క్రూ బిగించడం మరిచిపోయిన సంగతి, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా వెతికిన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. మేనేజర్ ఆయన్ని దొంగ అనలేదు, అబద్ధాలకోరు అనలేదు. “మీరు అలసిపోయారేమో” అంది. నాకు అది ఎక్కువ క్రూరంగా తోచింది.

శుక్రవారం డాక్టరుగారు వస్తారు, అందరం కూర్చుని మాట్లాడదాం అన్నారు. బుధవారం భోజనాల దగ్గర గన్‌స్మిత్ ప్రార్థన చెయ్యలేదు. శాండ్‌విచ్ పొట్లం విప్పలేదు.

“నేనే చేశానేమో,” అన్నాడు.

“ఏమిటి?”

“చేసి మర్చిపోయానేమో. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. గుర్రాలకి మేత వేసేవాడు, వెయ్యలేదని మళ్ళీ వేసేవాడు.”

“నువ్వు ఇత్తడిని పాలిష్ చేస్తావా? కలలో కూడా చెయ్యవు.”

“అదే కదా భయం. నేను చెయ్యని పని నేను చేస్తున్నానంటే...” శాండ్‌విచ్ పొట్లాన్ని పక్కకి నెట్టి, “శుక్రవారం నేనే చేశానని ఒప్పుకుంటాను. ఇంటికి పోతాను. వాళ్ళతో వాదించే ఓపిక లేదు,” అన్నాడు.

నాతో అన్నేళ్ళు వాదించినవాడు ఆ మాట అన్నాడు. ఉద్యోగం సంగతి కాదు. ఎలాగూ ఆయన త్వరలో మానేసేవాడే. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిన మనిషిగా ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఆయనకి నువ్వు బాగానే ఉన్నావు అని చెప్పే మనిషి కూడా లేదు.

నేను రివాల్వర్ తీసుకుపోయి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పాలిషింగ్ చక్రం తిప్పితే ఇత్తడి మీద సన్నటి గీతలు ఒకే దిక్కున పడతాయి. ఇక్కడ అవి లేవు. ఇది చేత్తో తోమినది, పుల్లటిదేదో వేసి, ఎంతో ఓపిగ్గా. అక్కడక్కడా సన్నటి పీచు ఇరుక్కుని ఉంది. పిడి దగ్గర స్క్రూ గాడిలో ఆవగింజంత పసుపు రంగు.

దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ పసుపు నాకు తెలుసు. కుర్రతనంలో మా హేతువాద బృందంతో ఊళ్ళు తిరిగి, పసుపు నీళ్ళలో సున్నం కలిపి ‘రక్తం’ చూపించే భూతవైద్యుల గుట్టు స్టేజీ ఎక్కి బయటపెట్టినవాణ్ణి నేను. సూదిమొనతో ఆ పసుపు తీసి గాజుపలక మీద పెట్టి చాకలి సోడా కలిపిన నీళ్ళు ఒక చుక్క వేశాను. ఎర్రగా మారింది.

ఉన్నమాట చెబుతాను, నాకు పట్టరాని సంతోషం కలిగింది. మిత్రుడు బయటపడ్డాడన్న సంతోషం ఒకటి. రెండోది అంత మంచిది కాదు. ఆయుధ పూజ. నేను ఏళ్ళుగా చెబుతున్నదే. శుక్రవారం మీటింగ్‌లో అందరి ముందూ గాజుపలక పెట్టి, సోడా చుక్క వేసి, మీ పూజ ఇదిగో అని చూపిస్తాను. ప్రసంగం మొత్తం ఆ రాత్రికల్లా సిద్ధం చేసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా.

తెల్లవారి కాఫీ తాగుతుంటే ఒక ప్రశ్న తట్టింది. పూజ చేసిందెవరు? డాక్టరుగారు హాస్పిటల్లో ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఆవిడ. ఆవిడని ఆయన అడగలేదు. మేనేజర్ అడగలేదు. స్త్రీల హక్కుల మీద ఉపన్యాసాలిచ్చిన నేనూ అడగలేదు. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు అని మగవాడు చెప్తే, ఆ ‘ఎవరూ’లో ఆవిడ ఉందో లేదో అందరం వదిలేశాం.

శుక్రవారం పొద్దున, డాక్టరుగారు గుండె వ్యాయామాల రిహాబ్‌కి వెళ్ళే టైమ్ చూసుకుని వాళ్ళింటికి డ్రైవ్ చేశాను. ఆవిడ తలుపు తీసి, “రండి అన్నయ్యగారూ, ఆయన లేరే,” అంది.

“మీతోనేనమ్మా పని. దసరాకి ఆ రివాల్వర్‌కి పూజ చేశారా?”

“చేశాను. ఈసారి పులిహోర పంపలేకపోయాను, ఏమీ అనుకోకండి.”

“దాన్ని తోమారా?”

“ఇత్తడి కదండీ. చింతపండు పెట్టి, కొబ్బరి పీచుతో తోమాను. ఎంత నల్లగా ఉందో. ఇప్పుడు చూడండి ఎంత బావుందో. ఆయనింకా చూసుకోలేదు, పెట్టె తెరవకుండానే పంపించేశారు, వేలంలో చూసి సర్‌ప్రైజ్ అవుతారని...” నా మొహం చూసి ఆగింది. “ఏమైంది?”

చెప్పాను. ఆ నలుపు ఏమిటో, అది పోతే ఏమవుతుందో, మా ఆఫీసులో ఒక ముసలాయన తనకి మతి పోతోందని ఎలా అనుకుంటున్నాడో. చెబుతూ చెబుతూ నా గొంతులోకి స్టేజీ వచ్చేసింది. “మీ పూజకి ఒక మనిషి బలైపోతున్నాడమ్మా. ఇనుప ముక్కకి బొట్లు పెట్టడం వల్ల ఎవరికేం ఒరిగింది?”

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

“మీరు కోప్పడండి, తప్పు నాదే. కానీ ఒక మాట వినండి. ఆ రోజు ఆయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. చాలాసేపు పడుతుంది, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి, మేమే కాల్ చేస్తాం అన్నారు. పిల్లలు ఫ్లైట్లలో ఉన్నారు. ఇంటికొచ్చాను. ఏం చెయ్యను? టీవీ పెట్టుకోనా? పండగ కదా అని దీపపు కుందులు తోమాను. తర్వాత చెంబులు. తర్వాత అటకెక్కించిన బిందెలు కూడా దింపి తోమాను. అన్నీ అయిపోయాయి. ఫోన్ రాలేదు. ఇన్సూరెన్స్ కార్డు కోసం తీసిన సేఫ్ ఇంకా తెరిచే ఉంది. చూస్తే ఇదొకటి ఇత్తడి.”

వంటింటి గట్టు మీద ఇంకా మెరుస్తున్న బిందెల వంక చూశాను.

“తుపాకికి చెయ్యలేదండీ పూజ. ఆయన స్టెతస్కోప్‌కీ బొట్టు పెట్టాను. కళ్ళజోడుకీ పెట్టాను. ఆయన చెయ్యి తగిలినవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మీ సైన్స్‌లో దానికేం పేరుందో నాకు తెలీదు.”

నాకూ తెలీదు. మూఢనమ్మకం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం నాకు బాగా వచ్చు. ఆ రోజు ఆ గీత ఆవిడ వంటింట్లో ఎక్కడ గియ్యాలో నాకు తోచలేదు. ఇప్పటికీ పూజ వల్ల ఆపరేషన్ బాగా జరిగిందని నేను ఒప్పుకోను. అది సర్జన్ చేతి పని. కానీ అన్ని గంటలూ ఆవిడ బతికింది మాత్రం తన చేతుల పని వల్లే.

“ఆయనకి చెప్తే కోపం తెచ్చుకుంటారేమో. ఇంకా గుండె కుదుటపడలేదు,” అంది.

“చెప్పకపోతే మా ఆఫీసు ముసలాయన చెయ్యనిది చేశానని ఒప్పుకుంటాడమ్మా. మీరు రానక్కర్లేదు, నేనే మెల్లగా చెప్తాను.”

“నేను చేసింది మీరు చెప్పడమేమిటి?”

మధ్యాహ్నం మేనేజర్ గదిలో కూర్చున్నాం. రివాల్వర్ బల్ల మధ్యలో. డాక్టరుగారు చిక్కిపోయారు, చొక్కా వదులైంది, కోపం మాత్రం తగ్గలేదు. “నమ్మకం మీద ఇచ్చాను మీకు,” అని మొదలుపెట్టారు. గన్‌స్మిత్ శుభ్రమైన చొక్కా వేసుకొచ్చాడు, చర్చికి వేసుకునేది. “సర్, నేనే...” అన్నాడు.

“నో,” అంది ఆవిడ. భర్త పక్క కుర్చీలో బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా తడుముకోకుండా చెప్పింది. “నేను కడిగాను. చింతపండుతో. ఈయన కాదు. ఈయనకి ఏమీ తెలీదు.”

గన్‌స్మిత్ ఆవిడ వంక చూశాడు. నా వంక చూశాడు. నేను తలూపాను. ఆయన రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టి, వాటినే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి వాటి వణుకు తగ్గింది. నేనలా అనుకున్నానేమో కూడా, లోహానికైతే కొలిచే పరికరం ఉంది, దీనికి లేదు.

డాక్టరుగారు తెలుగులోకి మారారు. “నువ్వా? ఎప్పుడు?”

“మీ ఆపరేషన్ రోజు.”

“పిచ్చిదానా, అరగంట తోమినా చాలేది, ఇంత తెల్లగా... ఎంతసేపు తోమావు దీన్ని?”

“మీరు బయటికొచ్చారని ఫోన్ వచ్చేదాకా.”

డాక్టరుగారు ఆవిడ వైపు పూర్తిగా తిరిగారు. గుండెలు కోసి కుట్టడం జీవితమంతా చూసిన మనిషి. ఆ తలుపు బయట కూర్చున్నవాళ్ళు ఆ టైమ్‌లో ఏం చేస్తుంటారో ఆయనకి ఎన్నడూ తెలుసుకోవలసిన పని పడలేదేమో. చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత గన్‌స్మిత్ వైపు తిరిగి, క్షమించమని అడిగారు, పొడిపొడిగా, రెండుసార్లు. రివాల్వర్‌ని వేలం నుంచి తీసేయమన్నారు, కోడలికి నేను చెప్పుకుంటాను అన్నారు.

మేనేజర్ మెల్లగా నన్ను అడిగింది, వాళ్ళేం మాట్లాడుకున్నారని. గన్‌స్మిత్‌కీ వినబడేలా చెప్పాను, ఆ రెండు మాటలూ, ఆపరేషన్ అయ్యేదాకా ఆవిడని ఇంటికి పంపేసిన సంగతీ. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మనిషికి తన బుర్ర తనకి తిరిగి దొరికితే ఎలా ఉంటుందో చూడాలనుకుని నేను గన్‌స్మిత్‌నే చూస్తున్నాను. ఆయన మాత్రం డాక్టరుగారి భార్యతో మాట్లాడాడు.

“మా ఆవిడకి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు నన్నూ ఇంటికి పంపేశారమ్మా. నేను గ్యారేజీలోకి వెళ్ళి లాన్ మూవర్ విప్పాను. బాగానే నడుస్తోంది అది, ఏ రిపేరూ లేదు. మొత్తం విప్పేశాను. మళ్ళీ బిగిస్తుండగా ఫోన్ వచ్చింది. బిగించడం పూర్తి చెయ్యలేదు. అలాగే ఉంది.”

ఇన్నేళ్ళ వాదాల్లో ఈ మాట నాకు చెప్పలేదాయన. నేను ఆయన దేవుడి గురించి అడిగినన్ని ప్రశ్నలు ఆయన భార్య గురించి అడగలేదు.

ఆవిడ కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. ఆయన భార్య పేరేమిటని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడకి నోరు సరిగా తిరగలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు.